రత్నం మూడుసార్లు చెప్పిన మాట

విశాఖపట్నంలో సముద్రం వైపు తిరిగిన కొండవాలు మీద ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. అందులో మూడో అంతస్తు, ఆపరేషన్‌కి ముందు రోగులను ఉంచే వార్డు. పద్దెనిమిది పడకలు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వార్డుకి హెడ్ నర్సు సలోమి. ఆమెది బాపట్ల దగ్గర పల్లె. నర్సింగు చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది.

సలోమి చేసే పనికి ఆసుపత్రి కాగితాల్లో సరైన పేరు లేదు. రేపు కత్తి పడబోయే మనిషి పక్కన ఆమె కూర్చునేది. చెయ్యి పట్టుకుని మాట్లాడించేది. గేదెకి నీళ్ళు పెట్టేవాళ్ళు లేరని ఏడ్చే ఆవిడ చేత పక్కింటికి ఫోను చేయించేది. గేదె నీళ్ళు తాగిందని తెలిశాకే ఆవిడ పడుకునేది. ఒక ముసలాయన రెండు రోజులు ఎవరొచ్చినా తన పన్ను గురించే గొణిగాడు. అందరూ చాదస్తం అనుకున్నారు. సలోమి ఆయన నోరు తెరిపించి చూసింది. ముందు పన్ను ఒకటి ఊగుతోంది. మత్తిచ్చి గొట్టం వేసేటప్పుడు అది ఊడి ఊపిరితిత్తుల్లోకి జారితే ఆయన బతకడం కష్టం. దాన్ని తీసేసి మర్నాడు ఆపరేషన్ చేశారు.

"భయంలో నూటికి తొంభై పాళ్ళు ఉత్త భయమే" అని కొత్తగా వచ్చిన నర్సులకు చెప్పేది సలోమి. "దాన్ని ఊరడించండి. మిగతా పది పాళ్ళలో ఏదో ఒక సంగతి ఉంటుంది. దాన్ని ఊరడించకండి. వినండి. విని డాక్టరు దగ్గరికి పరిగెత్తండి."

ఆ వార్డులో పదిహేనేళ్ళుగా ఆయాగా పనిచేస్తున్న మనిషి నూకరత్నం. భీమిలి దగ్గర జాలరిపేట ఆవిడది. భర్త సన్యాసిరావు ఫిషింగ్ హార్బరులో బోట్లకు రంగులు వేస్తాడు. సలోమి రోగులతో మాట్లాడుతుంటే నూకరత్నం దుప్పట్లు మారుస్తూ మధ్యలో ఏదో ఒక మాట వేసి నవ్వించేది. సలోమి ఆమెను రత్నం అనేది. ఆమెకు సలోమి 'సిస్టరమ్మ'. ఇద్దరూ రోజూ మధ్యాహ్నం స్టోరు గదిలో ఒకే డబ్బాలో తినేవాళ్ళు.

మత్తు డాక్టరు వారుణి కూడా సలోమి చేతుల మీద ఎదిగిన మనిషే. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె మొదటి కేసు రోజున చేతులు వణికి సిరంజి పట్టుకోలేకపోయింది. అప్పుడు సలోమి ఆమెను పక్కకు తీసుకెళ్ళి, రోగితో మాట్లాడినట్టే మాట్లాడి, టీ తాగించి లోపలికి పంపింది. ఆ తర్వాత వారుణి పెద్ద డాక్టరై ప్రయోగశాల కూడా పెట్టుకుంది. అయినా సలోమిని ఎప్పుడూ 'సిస్టర్' అని, 'మీరు' అనే పిలిచేది.

ఒకరోజు వారుణి వార్డులోకి వచ్చి సలోమి పక్కన పడక అంచు మీద కూర్చుంది.

"సిస్టర్, మీరు ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళకి నేనిచ్చే మత్తు మూడో వంతు తక్కువ సరిపోతోంది. నాలుగేళ్ళ లెక్క తీశాను. మీరు సెలవు పెట్టిన రోజుల్లో అలా లేదు. అసలు మీరేం చేస్తున్నారు?"

"కబుర్లు చెబుతున్నానమ్మా."

"ఆ కబుర్లు నాకు కావాలి. మన రాష్ట్రంలో ఎన్ని ఆసుపత్రులున్నాయి, మీరు ఎన్నిచోట్ల ఉంటారు?"

అలా మొదలైంది 'ఊరట'.

*

రెండేళ్ళ పాటు సలోమి చేతికి పల్చని తొడుగు వేసుకుని తిరిగింది. రోగి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుంటోంది, ఎప్పుడు వదులు చేస్తోంది, ఆమె అరచేతి వెచ్చదనం ఎంత, అన్నీ ఆ తొడుగు రాసుకునేది. మెడలో చిన్న మైకు. రోగి మణికట్టుకు ఒక పట్టీ. అతని గుండె ఎప్పుడు నెమ్మదించింది, సలోమి ఏ మాటకు నెమ్మదించింది, అదంతా పట్టీ పట్టుకునేది. ఆరు వందల పన్నెండు మంది రోగులు. రత్నం మొదట్లో ఆ మైకును చూసి నోరు కట్టేసుకునేది. వారం తిరిగేసరికి మామూలుగా వాగడం మొదలుపెట్టింది.

"ఈ డబ్బా నా మాటలు కూడా మింగుతాదేటి సిస్టరమ్మా?"

"మింగితే మింగనీ రత్నం. దానికీ కాస్త నవ్వు రావాలి కదా."

యంత్రం తయారయ్యాక మొదట పెట్టింది ఒక లారీ డ్రైవరుకి. హెర్నియా ఆపరేషన్. ఆరడుగుల మనిషి, నీళ్ళ గ్లాసు పట్టుకుంటే సగం పక్క మీదే ఒలుకుతున్నాయి. వారుణి అతని మణికట్టుకు పట్టీ కట్టింది, చెవి వెనక చిన్న బిళ్ళ అంటించింది, అరచేతిలో మెత్తటి దిండు లాంటిది పెట్టింది. ఆ దిండు వెచ్చబడి అతని వేళ్ళను మెల్లగా నొక్కింది. చెవి వెనక బిళ్ళ మెడలోని నరానికి చీమ నడిచినంత కరెంటు పంపింది. తలగడలోంచి సలోమి గొంతు వినిపించింది.

"ఏ ఊరు బాబూ మనది?"

అతను జవాబు చెప్పాడు. గొంతు ఇంకో మాట అడిగింది. అతను నవ్వాడు కూడా. ఇరవై నిమిషాలకు గ్లాసులో నీళ్ళు కదలడం లేదు. సలోమి తలుపు దగ్గర నిలబడి తన గొంతు తానే వింది. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాను పోయాక కూడా ఈ పని ఆగదన్నమాట అనుకుంది.

అయితే ఆమె ఒక షరతు పెట్టింది.

"డాక్టరమ్మా, ఇది నోరు. మరి చెవి ఏది? నేను సగం సేపు మాట్లాడతాను, సగం సేపు వింటాను. వినకుండా ఊరడిస్తే అది జోకొట్టడమే. పిల్లాడు కడుపునొప్పితో ఏడుస్తున్నా జోకొట్టేస్తాం."

"అదీ పెడుతున్నాను సిస్టర్" అంది వారుణి. చూపించింది కూడా. పడక పక్కన ఉన్న పెట్టె మీద చిన్న పసుపు దీపం. రోగి చెప్పే మాటల్లో ఊరడించకూడని సంగతి ఏదన్నా ఉందనిపిస్తే యంత్రం మాటలు ఆపేసి ఆ దీపం వెలిగిస్తుంది, నర్సుల బల్ల దగ్గర గంట మోగుతుంది. అప్పుడు మనిషే వెళ్ళి వినాలి. ప్రయోగం నడిచిన ఆరు నెలల్లో ఆ దీపం ముప్పై తొమ్మిది సార్లు వెలిగింది. వెలిగిన ప్రతిసారీ సలోమి వెళ్ళి కూర్చుంది. ఒకావిడకు ఏదో ఇంజెక్షనుకి నాలుక వాచిన సంగతి అలాగే బయటపడింది.

ఆ నమ్మకంతోనే తన గొంతును, చేతి స్పర్శను వాడుకోవచ్చని సలోమి కాగితం మీద సంతకం పెట్టింది. కాగితం చదవలేదు. వారుణి ఇచ్చింది కదా అని పెట్టింది.

*

ఏడాది తిరిగేసరికి నలభై ఆసుపత్రుల్లో 'ఊరట' వచ్చింది. సలోమి వార్డులోనూ పద్దెనిమిది పడకలకూ కొత్త పెట్టెలు బిగించారు. సలోమిని శిక్షణ అధికారిని చేశారు. ఆమె ఊరూరూ తిరిగి నర్సులకు పట్టీ ఎలా కట్టాలో నేర్పేది. వార్డులో ఉన్న రోజుల్లో కూడా రోగుల పక్కన కూర్చోవడం తగ్గిపోయింది. అవసరం కనిపించేది కాదు. అందరూ నిమ్మళంగా పడుకుని ఉండేవారు. కొత్త పెట్టెల మీద పసుపు దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. యంత్రం బాగా నేర్చుకుంది కాబోలు అనుకుందామె.

ఆ వానాకాలంలో రత్నానికి కుడి డొక్కలో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. మంగళవారం ఆపరేషన్. సరిగ్గా ఆ రోజే హైదరాబాదులో డాక్టర్ల మహాసభ. వారుణి పక్కన సలోమి కూడా వేదిక మీద కూర్చోవాలి.

"శుక్రవారానికి మార్పిస్తాను రత్నం. నేను వచ్చేశాక చేయించుకుందువు గాని" అంది సలోమి.

రత్నం నొప్పికి ఒంగిపోయి నవ్వింది. "ఒద్దులే అమ్మా. ఇంక ఓర్సుకోలేను. నువ్వు లేకపోతే ఏటి, తలగడలో ఉంటావు గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

మంగళవారం పదకొండు గంటలకు హైదరాబాదులో సలోమికి శాలువా కప్పారు. సభలో వందలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అదే సమయానికి విశాఖలో నూకరత్నం ఆపరేషన్ బల్ల మీద కొయ్యబారిపోయింది.

మత్తు వాయువు లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు ఆమె దవడ బిగుసుకుంది. చేతులూ కాళ్ళూ రాయిలా గట్టిపడ్డాయి. ఒళ్ళు నూట తొమ్మిది డిగ్రీలు దాటింది. కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే వచ్చే చాలా అరుదైన లోపం అది. మామూలు మనుషుల్ని నిద్రపుచ్చే మత్తు వాళ్ళ కండరాలను లోపల్నుంచి కాల్చేస్తుంది. దానికి విరుగుడు మందు ఊళ్ళో ఒకే ఒక్క చోట ఉంది. అది వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ముందే తెలిస్తే ఆ మత్తు వాడేవారు కారు. వేరే మందులున్నాయి.

సలోమి శాలువాతోనే విమానం ఎక్కింది.

పదకొండు రోజులు రత్నం తెలివిలో లేదు. కండరాలు కరిగి రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేశాయి. సలోమి పగలంతా అద్దం తలుపు అవతల నిలబడేది. సన్యాసిరావు ఆమెతో మొదట్లో మామూలుగానే మాట్లాడాడు. ఇంటి నుంచి తెచ్చిన టీలో ఆమెకూ పోసేవాడు.

పన్నెండో రోజు పొద్దున్న రత్నం కళ్ళు తెరిచింది. గొట్టం తీశాక ఆమె గొంతు బొంగురుపోయింది. మొదట భర్తను చూసింది. తర్వాత సలోమి వైపు తిరిగింది. అప్పుడు అంది.

"నీకు సెప్పినాను గదా సిస్టరమ్మా."

"ఏం చెప్పావు రత్నం?"

"మూడుసార్లు సెప్పినాను." కళ్ళు మూసుకుంది. "ఇన్లేదు నువ్వు."

జ్వరం తాలూకు మాటలనుకుంది సలోమి. కానీ సన్యాసిరావు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

*

ఆసుపత్రి యంత్రాలన్నీ చూసుకునే ఇంజనీరు షహనాజ్. ముప్పై ఏళ్ళ అమ్మాయి, మాట తక్కువ. సలోమి ఆమె గదికి వెళ్ళి కూర్చుంది.

"ఆ రోజు రత్నం పడక దగ్గర యంత్రం విన్నది నాకు వినిపించమ్మా."

షహనాజ్ తల వంచుకుంది. "డాక్టరు గారి అనుమతి లేకుండా..."

"అందులో ఉన్నది నా గొంతే కదా. నా గొంతు నేను వినడానికి అనుమతి కావాలా?"

షహనాజ్ లేచి తలుపు వేసింది.

మొదట రత్నం నవ్వు వినిపించింది. తర్వాత సలోమి గొంతు.

"ఏం రత్నం, ఎలా ఉంది?"

సలోమి ఉలిక్కిపడింది. "రత్నం అని పిలుస్తుందా?"

"మీ రికార్డింగుల్లోంచి నేర్చుకుంది సిస్టర్. ఎవరి గొంతు తెలిస్తే వాళ్ళని మీరు పిలిచినట్టే పిలుస్తుంది."

రత్నం గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"సిస్టరమ్మా, ఒక మాట. ఇన్నేళ్ళూ ఎవలికీ సెప్పనేదు. నోటంట అంటే నిజమైపోద్దేమోనని బయ్యం. మా అమ్మ కాన్పు ఆపరేషనుకెళ్ళి బల్ల మీదే ఉండిపోనాది. ఒంటి మీద సెయ్యేస్తే పెనం మీద ఏసినట్టుందంట. కొయ్యలాగ బిగిసిపోనాదంట. మా మేనమామా అలాగే పోనాడు, సెయ్యిరిగి ఆపరేషనుకెళ్ళి. మా ఊళ్ళో మా వోళ్ళకి శాపమంటారు."

తర్వాత ఆ గొంతు, సలోమికే తెలియని మెత్తదనంతో, అంది.

"నీ భయం నాకు అర్థమైంది రత్నం. ఊపిరి మెల్లగా తీసుకో. నేనిక్కడే ఉన్నాను."

"బయ్యం కాదమ్మా. బయ్యమైతే నువ్వు తీసేస్తావు. ఇది డాక్టరు బాబుకి సెప్పాల. ఆ బాబు సుగరుందా, బీపీ ఉందా అనడిగినాడు గానీ ఇది అడగనేదు."

"అంతా వాళ్ళు చూసుకుంటారు. నా చెయ్యి పట్టుకో. మెల్లగా."

చెవి వెనక బిళ్ళ పని చేస్తోంది. రత్నం మాటలు సాగడం మొదలైంది.

"సెప్తావు గదా... మా అమ్మ సంగతి..."

"నీకేం కాదు రత్నం. నేనున్నాను కదా."

"సరేనమ్మా." ఒక నిట్టూర్పు. "నువ్వున్నావు గదా."

అంతే. ఆ తర్వాత ఉన్నది ఊపిరి చప్పుడు.

సలోమి లేచి నిలబడింది. తల్లీ మేనమామా మత్తులో కాలిపోయారన్న మాట పదేళ్ళు పనిచేసిన ఏ నర్సు విన్నా ఎగిరి లేచేది. తాను వినుంటే చెప్పులు కూడా వేసుకోకుండా థియేటరుకు పరిగెత్తేది. కానీ రత్నం చెప్పిందల్లా తనకే చెప్పింది. ఊరుకోమన్నదీ తానే.

"దీపం ఎందుకు వెలగలేదు?" అంది చివరికి.

షహనాజ్ లేచింది. మూలనున్న కొత్త పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవరుతో వెనక మూత విప్పి సలోమి వైపు తిప్పింది. పసుపు దీపం ప్లాస్టిక్కులో చక్కగా కూర్చుని ఉంది. దాని వెనక ఏ తీగా లేదు.

"వినే భాగం మొత్తం తీసేశారు సిస్టర్. నలభై ఆసుపత్రులకు వెళ్ళేముందే. దీపం మాత్రం పైన ఉంచమన్నారు. నర్సులు అడుగుతారని."

"ఎవరన్నారు?"

షహనాజ్ మూత మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

*

వారుణి గదిలో హైదరాబాదు సభ ఫొటో అప్పటికే గోడ మీద ఉంది. సలోమి కూర్చోలేదు.

"చెవి ఎందుకు కోసేశారు డాక్టరమ్మా?"

వారుణి అబద్ధమాడలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి సిస్టర్."

"చెప్పండి."

"ముప్పై తొమ్మిది సార్లు దీపం వెలిగింది. ముప్పై తొమ్మిది ఆపరేషన్లు ఆగాయి. కొన్ని పూట, కొన్ని రోజు. అందులో నిజంగా ప్రమాదమని తేలినవి ఆరు. యంత్రం తీసుకుంటామన్న వాళ్ళందరూ ఒకటే మాటన్నారు. రోగిని నిమ్మళపరిచేది కావాలి గానీ ఆపరేషన్లు ఆపేది కాదని. అది ఉంటే ఎవరూ తీసుకోరు. లేకపోతే నలభై చోట్ల తీసుకుంటారు."

"మిగతా ముప్పై ముగ్గురికి ఏమైంది?"

"ఏమీ కాలేదు. మర్నాడు చేయించుకున్నారు."

"మరి ఇంకేం? ముప్పై ముగ్గురు ఒక్కరోజు ఆలస్యంగా ఇంటికెళ్ళారు. ఆరుగురు ప్రాణాలతో ఇంటికెళ్ళారు."

వారుణి గొంతు పెరిగింది. "మీకు తెలియని లెక్క ఇంకోటుంది సిస్టర్. భయంతో ఆపరేషన్ వద్దని పారిపోయేవాళ్ళు ఏడాదికి ఎంతమందో తెలుసా? క్యాన్సరు గడ్డలతో వెళ్ళిపోయేవాళ్ళు. 'ఊరట' వచ్చాక వాళ్ళు ఉంటున్నారు, బతుకుతున్నారు. వాళ్ళంతా మీ గొంతు విని బతికినవాళ్ళే. నేను వాళ్ళనీ, ఆ ఆరుగురినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను."

"నన్ను పక్కన పెట్టుకుని చూసుకోలేదు."

వారుణి చూపు గోడ మీది ఫొటో వైపు తిరిగింది.

"మీరొచ్చి ఈ లెక్క నాకు చెప్పుంటే, సంతకం పెట్టనని అనేదాన్ని. అందుకే చెప్పలేదు. తీగ లేని దీపం నా వార్డులో పద్దెనిమిది చోట్ల పెట్టారు. ఏడాది పాటు రోజూ దాన్ని చూసి, వెలగలేదు కదా, అంతా బాగుందనుకుని నా పని నేను మానేశాను. రోగులతో నేనే అబద్ధమాడినా ఇంత బాగా ఆడలేను."

"చెబుదామనుకున్నాను సిస్టర్. చాలాసార్లు."

"సభకి వెళ్ళేటప్పుడు విమానంలో నా పక్కనే కూర్చున్నారు గంటసేపు."

వారుణి కళ్ళు నిండాయి. ఒకప్పుడైతే సలోమి చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్ళేది. ఇప్పుడు ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నా గొంతు నాకిచ్చెయ్యండి."

"అది ఇప్పుడు నా చేతిలో లేదు" అంది వారుణి మెల్లగా. "మీరు సంతకం పెట్టిన కాగితం ప్రకారం అది యంత్రంతో పాటే దాన్ని అమ్మే కంపెనీకి వెళ్ళిపోయింది. నేనడిగినా ఇవ్వరు."

*

సలోమి విన్నదంతా కాగితం మీద రాసి ఆసుపత్రి పెద్దలకు ఇచ్చింది. విచారణ జరిగింది. షహనాజ్ వచ్చి పెట్టె విప్పి చూపించింది. వారుణి తల వంచుకుని ఔనంది. కొండ మీది ఆసుపత్రిలో పద్దెనిమిది పెట్టెలూ తీసేశారు. మిగతా చోట్ల, వినే భాగం మళ్ళీ పెట్టే విషయం ఆలోచిస్తామన్నారు యంత్రం అమ్మేవాళ్ళు. వారుణి ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వార్డు దాకా వచ్చి, సలోమి ఎదురుగా ఉండగానే తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. సలోమి పిలవలేదు. తన గొంతు తనకి ఇప్పించమని సలోమి వేసిన కేసు ఇంకా నడుస్తోంది.

సలోమి మళ్ళీ రోగుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. కానీ ఒకప్పటిలా జరగలేదు. శ్రీకాకుళంలో అంతకుముందు ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ సలోమి నోరు తెరవగానే లేచి కూర్చుని తలగడ ఎత్తి చూసింది. "ఈ గొంతు నేనెరుగుదును. అప్పుడూ ఇలాగే తియ్యగా మాటాడింది. మీరు మనిషేనా తల్లీ, నేను సెప్పేది ఇంటన్నారా?" అనడిగింది. వింటున్నానని చెప్పడానికి సలోమికి ఆ గొంతు తప్ప ఇంకోటి లేదు. అప్పట్నుంచి ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళినా మాటలు తగ్గించి నోటుబుక్కు తెరిచేది.

రత్నం ఇంటికి వెళ్ళింది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి. మూత్రపిండాలు మళ్ళీ పని చేస్తాయన్న ఆశ మూడు నెలలకు పోయింది. ఇక ఎప్పటికీ డయాలసిస్సే కాబట్టి చేతిలో రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఈ మూడు నెలల్లో సలోమి నాలుగుసార్లు జాలరిపేట వెళ్ళింది. నాలుగుసార్లూ సన్యాసిరావు గుమ్మంలోనే నిలబడి, "పడుకున్నాది" అన్నాడు. నాలుగోసారి మాత్రం ఇంకో మాట కూడా అన్నాడు.

"అది యంత్రమని మా ఆడదానికి తెల్దా? తెలుసు. అయినా నువ్వు పెట్టిన యంత్రం గదా అనుకున్నాది. నీ మీద నమ్మకంతోటి పడుకున్నాది అమ్మా."

సలోమి అతనితో వాదించలేదు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆపరేషన్ రోజు ఉదయం తొమ్మిదింటికి రత్నాన్ని అదే వార్డుకి తీసుకొచ్చారు. మనిషి సగమైంది. ఆయాగా తాను వందలసార్లు దుప్పటి మార్చిన పడక మీదే ఇప్పుడు పడుకుంది. సలోమి దగ్గరికి వెళ్ళి నిలబడి, "రత్నం" అంది.

రత్నం గోడ వైపు తిరిగిపోయింది. మోచేతి మీద రోమాలు లేచి నిలబడటం సలోమికి కనిపించింది.

"మాటాడకు" అంది రత్నం గోడ వైపు చూస్తూ. "నీ మీద కోపం కాదు. ఉంది గానీ, దానికి కాదు. నీ గొంతు ఇంటే అక్కడికే ఎల్లిపోతాను. నా నోరు మూసుకుపోతాది. మాటాడకు."

సలోమి నోరు మూసుకుంది. నోటుబుక్కు తీసి పడక అంచున పెట్టి, పెన్ను పట్టుకుని నిలబడింది. రత్నం ఓరగా చూసింది. కొంతసేపటికి చెప్పడం మొదలుపెట్టింది. తల్లి సంగతి, మేనమామ సంగతి, తనకు జరిగింది, ఏ మత్తు ఇవ్వకూడదో పెద్ద డాక్టరు చెప్పిన పేరు, అన్నీ. చెప్పింది చెప్పినట్టు సలోమి రాసింది. మధ్యలో ఒక్క మాట కూడా ఊరడించలేదు.

"డాక్టర్ని పిలు" అంది రత్నం. "నాకు సదువు రాదు. నువ్వు ఏటి రాసినావో ఆ బాబు పైకి సదవాల."

కుర్ర డాక్టరు వచ్చి గబగబా కళ్ళతో చదివేసి, "తెలుసమ్మా, మీ కేసు మాకు మొత్తం తెలుసు. ఈసారి చేతికి మాత్రమే తిమ్మిరి ఇస్తాం, మత్తు లేదు" అన్నాడు.

"తెలిస్తే మంచిదే. పైకి సదువు బాబూ."

ఆయన సలోమి వైపు చూశాడు. సలోమి తల ఊపింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు. ఒక చోట రత్నం ఆపి, "మేనమామ పేరు తప్పు సదివినావు. ఎర్రయ్య" అని దిద్దింది. ఆయన దిద్దుకుని మళ్ళీ చదివాడు. అంతా విన్నాక ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె మణికట్టుకు ఏ పట్టీ లేదు. గుండె వేగంగానే కొట్టుకుంటోందని తెర మీద కనిపిస్తోంది. ఎవరూ దాన్ని తగ్గించే ప్రయత్నం చెయ్యలేదు.

బండి తోసుకెళ్ళేవాళ్ళు వచ్చారు. సన్యాసిరావు భార్య చెయ్యి పట్టుకుని థియేటరు తలుపు దాకా నడిచాడు. సలోమి నాలుగడుగులు వెనకగా నడిచింది. తలుపు దగ్గర అతని చెయ్యి వదిలాక రత్నం తల కొంచెం ఎత్తి డాక్టరుతో అంది.

"ఆ సిస్టరమ్మని బయట కూకోమను బాబూ. లోపల నాకేటన్నా గుర్తొస్తే పిలిపిస్తాను. ఉంటాదా అడుగు."

డాక్టరు సలోమి వైపు తిరిగాడు. ఉంటానని చెప్పబోయి పెదవులు తెరిచి, సలోమి మళ్ళీ మూసుకుంది. రత్నానికి కనిపించేలా రెండడుగులు ముందుకు వచ్చి, తల ఊపింది.

తలుపు మూసుకుంది. బల్ల మీద సన్యాసిరావు పక్కన చోటుంది. అతను జరగలేదు. సలోమి బల్లకు రెండో చివర కూర్చుని నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.